మా ఇద్దరికీ వచ్చిన ఒకే రోగం

తొంభైల చివర నేను మా ఊరి అంగన్‌వాడీలో పనిచేసేదాన్ని. తనకల్లు దగ్గర పల్లె మాది. నెలకోసారి పిల్లల్ని తూకం వేసి రాయాలి. దూలానికి వేలాడే కాటా కొక్కేనికి, పిల్లను కూర్చోబెట్టిన గుడ్డసంచిని తగిలించాలి. అంతకుముందు వందలసార్లు చేసిన పనే. ఆ రోజు రెండేళ్ళ పాపను ఎత్తితే భుజం దాకా వచ్చి చేతులు ఆగిపోయాయి. నొప్పేమీ లేదు. చేతులకు శక్తి చాల్లేదు, అంతే. నాకు సాయంగా ఉండే ఆయా వచ్చి పాపను అందుకుంది. ఎండకు సొమ్మసిల్లినట్టుందని ఆమె అంటే అవునన్నాను.

ఆ వారంలోనే తల దువ్వుకోవడం కష్టమైంది. మోకాలి మీద మోచెయ్యి ఆనించి, తల వంచి, ఎలాగో జడ వేసుకునేదాన్ని. కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేను. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు, నాలుగేళ్ళ కూతురు. ఈ వయసులో లేవలేకపోతున్నానని ఎవరికి చెప్పుకుంటాను? ఎవరికీ చెప్పలేదు.

కానీ మొహం దాగలేదు. కనురెప్పలు ఉబ్బి, వంకాయ రంగుకు తిరిగాయి. సరిగ్గా ఆ వారమే మా ఆయన ఊరికొచ్చాడు. ఆయనది బోర్లు వేసే బండి మీద పని. నాలుగు నెలలు కర్ణాటకలోనో తమిళనాడులోనో తిరిగి, పదిహేను రోజులు ఇంట్లో ఉంటాడు. ఇక ఊళ్ళో ఏమనుకుంటారు? బోరింగు దగ్గర ఆడవాళ్ళు నా మొహం చూసి, “ఏమ్మే, కొట్నాడా?” అని మెల్లగా అడిగారు. లేదంటే నమ్మలేదు. చివరికి మా అత్తే పదిమందిలో కొడుకును నిలదీసింది.

“ఆడబిడ్డను మొగమ్మీద కొడ్తార్రా ఎవురన్నా? కండ్లు పోతే ఏం జేస్తావు?”

“నేను ముట్టుకోలేదుమా. నీ మీద ఆన” అన్నాడు ఆయన. మర్నాడు పొద్దున్నే నన్ను కదిరి బస్సెక్కించాడు. “ఇదేందో తేల్చందే నేను బండెక్కను” అన్నాడు.

ఆయన మీద పడిన ఆ నింద వల్లే నేను తొందరగా ఆసుపత్రికి పోయాను. దాని విలువ నాకు అప్పుడు తెలియదు. తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

కదిరి డాక్టరు ఎలర్జీ అని పూతమందు ఇచ్చాడు. అది రాసినా రంగు తగ్గలేదు, బలం ఇంకా తగ్గింది. అనంతపురంలో ఒక ముసలి డాక్టరు నా మొహం కంటే ముందు నా చేతులు చూశాడు. వేళ్ళ కణుపుల మీద ఎర్రగా, గరుకుగా పొక్కులు లేచి ఉన్నాయి. అంట్లు తోమి అట్లయిందనుకున్నాను నేను.

“నేలమీద కూర్చుని లేమ్మా” అన్నాడు ఆయన.

కూర్చున్నాను. లేవలేకపోయాను. మా ఆయన చెయ్యి అందించబోతే డాక్టరు, “నువ్వుండప్పా” అని ఆపాడు. నేను రెండు చేతులూ నేలకానించి, పక్కకు ఒరిగి, బల్ల కోడు పట్టుకుని లేచేదాకా ఇద్దరూ చూశారు. నా పెళ్ళయ్యాక మా ఆయన కళ్ళలో నీళ్ళు చూడడం అదే మొదటిసారి.

డాక్టరు పొడుగాటి ఇంగ్లీషు పేరేదో చెప్పాడు. మాకు నోరు తిరగలేదు. తర్వాత తెలుగులో చెప్పాడు. రోగాల నుంచి ఒంటిని కాపాడే శక్తి ఒకటి ఉంటుంది, అది దారితప్పి సొంత కండల మీద, చర్మం మీద పడుతుంది, చాలా అరుదుగా వస్తుంది అని. బెంగళూరు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

బెంగళూరులో చర్మం డాక్టర్ల గది ముందు పొడుగాటి బల్ల ఉండేది. ఆ బల్ల మీదే వాళ్ళిద్దరూ పరిచయమయ్యారు. మడకశిర వైపు పల్లె నుంచి వచ్చిన గొర్రెలకాపరి, ఆయన భార్య. ఆయనకు నలభై అయిదేళ్ళుంటాయి. నిలువెత్తు మనిషి, భుజాన నల్ల కంబళి. ఆమె సన్నగా, గట్టిగా ఉండేది. మాటల్లో సగం కన్నడం. నేను ఆయన్ను అన్నా అని, ఆమెను అక్కా అని పిలిచాను. వాళ్ళు నన్ను పాపా అనేవాళ్ళు.

చీటీ అందుకోవడానికి నేను చెయ్యి చాపినప్పుడు ఆయన నా వేళ్ళు చూశాడు. తన చెయ్యి తెచ్చి పక్కన పెట్టాడు. అవే పొక్కులు, అవే కణుపుల మీద.

“సూడుమే” అన్నాడు భార్యతో. “మన ఊర్లో ఎవురికీ లేదని ఏడ్సినావు గదా. ఈ పాపకు గూడా ఉండాది.”

ఆమె నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. తోడు దొరికిందన్న సంతోషం ఆమె మొహంలో కనిపించింది. నాకూ అలాగే అనిపించింది, దాచుకోవడమెందుకు.

ఆయనకు మొదలై అప్పటికే ఎనిమిది నెలలు. నాకు రెండు నెలలే. “మొహం ఇంత ఎర్రగా ఉంటే ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదా అక్కా?” అన్నాను.

“గొర్లు కాసేటోని మొగం ఎవురు సూస్తారు పాపా? గొర్లను సూస్తారు గానీ. నేనూ ఎండ అనుకుంటి. అందురూ ఎండ అనిరి.”

గొర్రెపిల్లను ఎత్తి ముళ్ళకంప దాటించలేక, దాన్ని చుట్టూ తిప్పి తోలుకొచ్చేవాడట. ఇంట్లో చెప్పలేదు. మొగోడు గొర్రెపిల్లను ఎత్తలేకపోతున్నాడంటే నవ్వుతారని ఊరుకున్నాడు. జ్వరమొస్తే పల్లె వైద్యుడి దగ్గర సూది వేయించుకుని మళ్ళీ మందతో పోయేవాడు. దగ్గు మొదలయ్యాక, మెట్లెక్కితే ఆయాసం వచ్చాక, అప్పుడు అక్క బలవంతంగా లాక్కొచ్చింది.

మమ్మల్ని ఒకే రోజు చేర్చుకున్నారు. ఆడవాళ్ళ వార్డు, మగవాళ్ళ వార్డు వేరు. మధ్యాహ్నాలు నడవలో కలిసేవాళ్ళం. మా ఆయన రెండు రోజులుండి బండి పనికి పోయాడు, మా అమ్మ నాకు తోడుగా వచ్చింది. ఇద్దరికీ తొడ నుంచి చిన్న కండముక్క తీసి పరీక్షకు పంపారు. “రెండు ముక్కలూ కలిపేస్తే నీ రోగం నాకు రాస్తారేమో పాపా, పేరు సరిగ్గా సూసుకో” అని అన్న నవ్వించాడు.

వార్డులో చిత్తూరు అమ్మాయి ఒకామె చిన్న డాక్టరు. మాకు తెలుగులో చెప్పేది ఆమె ఒక్కతే. ఒకరోజు నడవలో ఆమెను ఆపి, ఈ రోగం మాకే ఎందుకొచ్చిందని అడిగాను.

“ఎందుకో సరిగ్గా తెలీదమ్మా. ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుంది. మగవాళ్ళకు తక్కువ” అంది.

అన్న పకపకా నవ్వాడు. “ఆడోళ్ళ రోగమంట మే. ఊర్లో చెప్పొద్దు.” మేమంతా నవ్వాం. ఆ డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. “మీకు ఇంకా కొన్ని పరీక్షలు చేయాలన్నా” అంది ఆయనతో.

ఆ పరీక్షలు వారం పైన సాగాయి. నాకూ కొన్ని చేశారు గానీ ఆయనకు చేసినన్ని కాదు. గొంతులోంచి గొట్టం వేశారు, కడుపు చూశారు, పేగులు చూశారు. ఈ రోగం వెనక ఒక్కోసారి ఎక్కడో గడ్డ దాక్కుని ఉంటుందట. ఆ వయసు మగవాళ్ళలో దాన్ని మరీ జాగ్రత్తగా వెతుకుతారట. పెద్ద డాక్టర్లంతా ఆయన మంచం చుట్టూ నిలబడితే, నా మంచం దగ్గర ఒక్క నిమిషం ఆగి పోతుంటే, నాకు కొంచెం కుళ్ళుగా ఉండేది. అక్కడ కూడా మగవాడికే మర్యాద అనుకున్నాను. ఎంత తెలివితక్కువగా అనుకున్నానో.

గడ్డ ఎక్కడా లేదని తేలిన రోజు అక్క అరటిపండ్లు తెచ్చి నడవలో అందరికీ పంచింది. నాకు రెండిచ్చింది. పండు ఒలుస్తూ మామూలుగా చెప్పింది. “ఊపిరితిత్తులు అడుగున రొంత గట్టిపడినాయంట. గడ్డ లేదు గదా, అది సాలు.”

మా ఇద్దరినీ ఒకే వారంలో ఇంటికి పంపారు. మందూ ఒకటే, చిన్న తెల్ల మాత్రలు. రోజూ పొద్దున తిన్నాక వేసుకోవాలి, సొంతంగా తగ్గించకూడదు, ఆపకూడదు. చిత్తూరు డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది.

మాత్రలు పనిచేశాయి. నెల తిరక్కుండానే నేను నా తల దువ్వుకున్నాను. కానీ మొహం ఉబ్బిపోయింది. బుగ్గలు గుండ్రంగా, మెడ వెనక కండ, పైపెదవి మీద నూగు. అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేకపోయాను. నా కూతురు ఒకటి రెండు రోజులు నా దగ్గరకు రాలేదు. మా ఆయన సెలవుకొచ్చి, గడపలో నిలబడి నన్ను చూసి, చెప్పులు విడవకుండానే అడిగాడు.

“ఇది ఇట్లే ఉంటాదా?”

మంచినీళ్ళు తాగి, బజారుకు పోయాడు. నేను మర్నాటి నుంచి మాత్రల్లో సగమే వేసుకున్నాను. మిగతా సగం బట్టలుతికే బండ పక్కన, నీళ్ళు పోయే కాలవలో పారేశాను. రోజూ అమ్మ చూస్తుండగా చేతిలోకి తీసుకునేదాన్ని, సగం నోట్లోకి, సగం పిడికిట్లోకి. దాదాపు నెల రోజులు అట్లా చేశాను.

ఆ నెల చివర్లోనే మళ్ళీ బెంగళూరు పోవలసిన రోజు వచ్చింది. అన్న అదే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి నాది కొంచెం దిగింది, ఆయన మొహం మాత్రం మొదట్లో నాలాగే ఉబ్బి ఉంది. కానీ ఆ ఉబ్బులోంచి ఆయాసం కనిపిస్తోంది. రెండు మాటలు చెప్పి ఆగి, గాలి పీల్చుకుని, మూడోది చెప్పేవాడు. అక్క స్కానింగు వరుసలో నిలబడడానికి పోయింది. చిత్తూరు డాక్టరమ్మ మా ఇద్దరి మాత్రల డబ్బాలూ తీసుకుని లెక్కపెట్టింది.

“ఇద్దరిదీ సరిగ్గా ఉంది. మంచి పేషెంట్లు మీరు” అని మెచ్చుకుంది.

“ఒగటి గూడా తప్పీలేదమ్మా” అన్నాడు అన్న. “పొద్దున బస్సు పోతానే ఏసుకుంటా. గొర్లకాడున్నా సరే, సంచిలో పెట్టుకోని పోతా.”

నేను తల దించుకున్నాను. చేతుల్లో బలం తగ్గింది, అన్నం గొంతులో ఆగుతోంది అని మాత్రం చెప్పాను. రోగం ముదిరిందనుకుని నాకు మందు పెంచారు. ఆ భయంతో మళ్ళీ ఎప్పుడూ పారేయలేదు. మెల్లమెల్లగా ఏడాదికి కోలుకున్నాను.

అన్న కోలుకోలేదు. ఇంకో మందు ఇచ్చారు, సూదుల ద్వారా ఇంకొకటి ఇచ్చారు. కండల్లోకి బలం వచ్చిందట గానీ ఊపిరి రాలేదు. ఆసుపత్రిలో చేరిన ఏడో నెలలో, మా ఊరి ఫోను అంగడికి అక్క ఫోను చేసింది. అంగడాయన ఇంటికొచ్చి పిలిస్తే పోయాను.

“పోయినాడు పాపా” అంది. “నువ్వు బాగుండావా?”

నేను నడుచుకుంటూ వచ్చి ఆ ఫోను అందుకున్నాను. అంతే చెప్పాను, నడుస్తున్నానక్కా అని.

అప్పుడు అంత దూరం పోగలిగే శక్తి లేదని పోలేదు. నిజానికి ఆ కారణం ఆరు నెలల్లో తీరిపోయింది. ఆమె ముందుకు పోవడానికి మొహం లేక రెండేళ్ళు దాటించాను. తర్వాత ఒక రోజు కదిరి, హిందూపురం, మడకశిర బస్సులు మారి ఒక్కదాన్నే పోయాను.

అక్క ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు. నా ఉబ్బు దిగిపోయింది, పాత మొహం వచ్చింది. గుర్తుపట్టాక చేట పక్కన పెట్టి, నన్ను తడిమి తడిమి చూసింది. భుజాలు ఎత్తించి చూసింది. కూర్చోబెట్టి లేపి చూసింది. ఆమె సంతోషం చూసి నేను ఏడ్చేశాను.

రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పసాగింది.

“నువ్వు మాత్తర తప్పకుండా ఏసుకుంటివి, బతికితివి. ఈయప్ప గొర్లెంట తిరుగుతా యాడో తప్పిచ్చినాడు. నాకి తెల్సు. లేకుంటే ఒగే రోగం, ఒగే మాత్తర, నువ్వట్ల, ఆయనిట్ల ఎట్లయితాది? మా బావేమో నన్నంటాడు. మొగునికి మందు పెట్టను సాతగాలేదా, పక్కనుండి ఏం జేస్తాంటివి అని పదిమందిలో అన్నాడు. పెండ్లికి పిల్చరు, పెట్టుపోతకు పిల్చరు. నేను ఆయప్పను తిట్టుకుంటా ఉంటా. ఎందుకు తప్పిస్తివి, నాకెందుకు ఈ మాట తెస్తివి అని ఫోటోకాడ నిలబడి తిడ్తా.”

బావ అంటే ఆమె భర్తకు అన్న. పక్కిల్లే.

ముద్ద సగంలో వదిలేశాను. చెయ్యి కడుక్కుని చెప్పాను.

“అక్కా, తప్పించింది ఆయన కాదు. నేను.”

ఆమెకు అర్థం కాలేదు. మా ఆయన అడిగిన మాట, కాలవ, పిడికిలి, డాక్టరమ్మ లెక్క, అన్నీ చెప్పాను. ఆ రోజు బల్ల మీద అన్న చెప్పిన మాట కూడా చెప్పాను, పొద్దున బస్సు పోగానే వేసుకుంటానని. అక్క కదలకుండా వింది.

“పారేస్తివా?” అంది. “నెల్లాళ్ళు పారేస్తివా? మొగం బాగలేదని?”

“ఊఁ.”

“పారేసినదానివి బతికితివి.”

ఆమె లేచి, నా మోచెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది, నొప్పి పుట్టింది. “దా” అంది. పక్కింటికి తీసుకుపోయింది. అరుగు మీద బావ, ఆయన భార్య, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు.

“ఇంగోసారి చెప్పు పాపా. మా బావ ముందర చెప్పు.”

తెలియని మనుషుల ముందు, నిలబడి, మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. మా ఆయన చెప్పులు విడవకుండా నిలబడిన మాట కూడా చెప్పాను. బావ వక్కాకు నములుతూ విన్నాడు. పెద్దమనిషి, తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

“నువ్వు పిడికిట్లో పెట్టుకోని పారేసినట్ల వాడూ పారేసింటే? డబ్బాలో లెక్క సరిపోతే ఏమి?” అన్నాడు.

ఆ ప్రశ్నకు నేను ఆలోచించుకోలేదు. జవాబు దానంతటదే వచ్చింది.

“ఆయన మొగం ఎట్ల ఉబ్బిండెనో మీరు సూడలేదా అన్నా? ఆ మాత్తర ఏసుకుంటేనే అట్ల ఉబ్బేది. నేను సగం పారేస్తానే నాది దిగిపాయ. ఆయనది సచ్చేదాకా దిగలేదు గదా? ఒగటి గూడా తప్పీలేదు.”

బావ నమలడం ఆపాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అవునప్పా, పాడె మీద గూడా గుండ్రంగా ఉండె” అంది.

అప్పుడు అక్క అరుగు కింద నేలమీదే కూలబడి ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదని అరుగు మీదున్న ముసలామె తర్వాత చెప్పింది. “తిడ్తి గదప్పా నిన్ను, రెండేండ్లు తిడ్తి గదప్పా” అని ఏడ్చింది. బావ లేచి లోపలికి పోయాడు. తప్పయిందని అనలేదు. కాసేపటికి ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి అక్క చేతికిచ్చింది.

సాయంత్రం బస్సు దగ్గరికి అక్క వచ్చింది గానీ నా పక్కన నిలబడలేదు, నాలుగడుగుల దూరంలో నిలబడింది. నేను బస్సెక్కుతుంటే జాగ్రత్తగా పొమ్మంది. మళ్ళీ రమ్మని అనలేదు.

ఇంటికొచ్చి, మా ఆయన వచ్చినప్పుడు ఆయనకూ చెప్పాను. మాత్రలు ఎందుకు పారేశానో చెప్పాను. ఆయన తెల్లబోయాడు.

“నేనట్ల అన్న్యానా? యాపొద్దు?”

నిజంగానే ఆయనకు గుర్తులేదు. బాగా ఆలోచించాడు, ఎంతకీ గుర్తు రాలేదు. “దానికోసరం సచ్చిపోదామనుకుంటివా?” అని ఒక్కసారి గట్టిగా అరిచి, బయటికి పోయి కూర్చున్నాడు. ఆ తర్వాత ఊరికొచ్చినప్పుడల్లా, చెప్పులు విడిచేలోపే “మాత్తర ఏసుకున్యావా?” అని అడిగేవాడు. నా మొహం గురించి మళ్ళీ మంచిగా గానీ చెడ్డగా గానీ ఒక్క మాట అనలేదు. దాని బదులు ఏదో ఒకటి అన్నా బాగుండేదనిపించేది నాకు.

మరి కొన్నేళ్ళకు నా మాత్రలు ఒక్కొక్కటిగా తగ్గించి ఆపేశారు. ఆఖరుసారి పోయినప్పుడు చిత్తూరు డాక్టరమ్మ అక్కడే పెద్ద డాక్టరుగా ఉంది. అన్నను ఆమె మరిచిపోలేదు. ఇద్దరికీ ఒకే రోగం కదా, అంత పద్ధతిగా మందు వేసుకున్న ఆయన పోయి నేనెందుకు మిగిలానని అడిగాను. నేను పారేసిన సంగతి కూడా చెప్పాను. ఆమె కోప్పడలేదు.

“మగవాళ్ళకు తక్కువగా వస్తుంది గానీ, వస్తే మాకు భయం ఎక్కువ” అంది. “ఊపిరితిత్తుల మీద పడుతుంది, గడ్డలు బయటపడతాయి. పైగా ఆలస్యంగా వస్తారు. అందరికీ అట్లా కాదు. ఆడవాళ్ళలో పోయినవాళ్ళూ ఉన్నారు. ఆయనకే అట్లా ఎందుకయిందంటే, నిజం చెప్తున్నా, నాకు తెలీదు.”

బస్టాండులోనే ఫోను అంగడి వెతుక్కుని అక్క ఊరికి ఫోను చేశాను. అప్పటికి ఆమె గొర్రెలు బావ మందతో కలిసి మేస్తున్నాయని, పెండ్లికీ పేరంటానికీ పిలుస్తున్నారని విన్నాను. నేను ఫోను చేస్తే మాట్లాడేది, తనంతట తాను చేసేది కాదు. డాక్టరమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

“తెలీదంటనా?” అంది. “అంత సదివినోళ్ళకే తెలీదా?”

“తెలీదంట అక్కా.”

అవతల ఎవరో ఏదో అడిగితే కన్నడంలో జవాబు చెప్పింది. మళ్ళీ నాతో, “సరే పాపా, గొర్లు ఇంటికొచ్చే పొద్దయింది, పోతాండా” అని ఫోను పెట్టేసింది.